కట్టుకున్న బట్టలతోనే సాధన

దసరా నాటి రాత్రి అమలాపురం చూశారా? చూడకపోతే ఒక్కసారైనా చూడాలి. వీధి వీధికీ ఒక వాహనం బయలుదేరుతుంది. వాహనాల ముందు డప్పులు మోగుతాయి. డప్పుల మధ్య చిన్న పిల్లల దగ్గర్నుంచి తల నెరిసినవాళ్ళ దాకా కర్రలు తిప్పుతారు. కత్తులు తిప్పుతారు. అగ్గి బరాటాలు గిరగిరా తిప్పుతారు. కళ్ళకు గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయను కత్తితో నరుకుతారు. కాయ రెండు ముక్కలవుతుంది. మనిషికి గీత కూడా పడదు.

దీన్ని చెడీ తాలింఖానా అంటారు. తాలీం అంటే శిక్షణ. ఖానా అంటే చోటు. హిందీలో ఛడీ అంటే కర్ర. దీన్ని 1856లో అబ్బిరెడ్డి రామదాసు అనే ఆయన మొదలుపెట్టారని అక్కడివాళ్ళు చెబుతారు. అంటే 1857 తిరుగుబాటుకు ఏడాది ముందు మాట. అప్పుడు మన గోదావరి జిల్లాలో కుంపిణీ పాలన.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వాళ్ళు సాము చేసేది వీధిలో. కింద తారు రోడ్డు. రోడ్డు మీద గులకరాయి ఉంటుంది, గుంట ఉంటుంది. చుట్టూ జనం. మెత్తని చాపలు పరిచి ఉండవు. అలాంటి చోట అలవాటైన కాలు అలాంటి చోటే నిలబడుతుంది. మన పాఠం ఈ ఒక్క సంగతి మీదే.

ఇప్పుడు పట్నాల్లో కరాటే నేర్పుతున్నారు. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి సమగ్ర శిక్ష కింద ఒక కార్యక్రమం ఉంది. దానికి రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు. ఆత్మరక్షణ అంటే తనను తాను కాపాడుకోవడం. ఇది మంచి పని. అయితే కరాటే అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? తెల్ల చొక్కా, తెల్ల పైజమా, నడుముకు బెల్టు, వట్టి కాళ్ళు. "ఆ బట్టలు కొనే స్తోమత మాకెక్కడిదండీ, అది మా పని కాదు" అని చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆ బట్టలు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలుసుకుందాం. జపాను దేశంలో 1882లో జిగోరో కానో అనే పంతులుగారు జూడో మొదలుపెట్టారు. జూడోలో ఒకరి బట్ట ఒకరు పట్టుకుని లాగాలి. అందుకని చిరగని దళసరి అంగీ కావలసి వచ్చింది. కరాటే పెరిగింది ఒకినావా అనే దీవిలో. అక్కడ మొదట్లో ఈ తెల్ల బట్టలు లేవు. ఒంటి మీద ఉన్నవాటితోనే సాధన చేసేవారు. 1922లో గిచిన్ ఫునకోషి అనే ఆయన టోక్యో నగరానికి వెళ్ళి కరాటే చేసి చూపించారు. ఆ రోజుల్లోనే జూడో వాళ్ళను చూసి కరాటే వాళ్ళూ తెల్ల అంగీ తొడిగారు. మరి వట్టి కాళ్ళు ఎందుకు? జపాను వాళ్ళు ఇంట్లోకి చెప్పులతో రారు. మనలాగే. అంతకు మించి అందులో రహస్యం లేదు.

ఇప్పుడు ఒక ఊరు అనుకుందాం. కాలవ పక్క ఊరు. పాతికమంది ఆడవాళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళతారు. తలలు తీసి, పొట్టు వలిచే పని. పని దిగేసరికి చీకటి పడుతుంది. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేస్తుంది. అక్కణ్నుంచి ఊళ్ళోకి పుంత దారి. దారిలో తూము మీద ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు కూర్చుని మాటలు విసురుతుంటారు. ఒకరోజు ఒకడు ఒక పిల్ల చున్నీ పట్టుకు లాగాడు. మర్నాటి నుంచి ఆ పిల్ల పని మానేసింది. ఇంటికి వచ్చే జీతం పోయింది. అప్పులవాడు మాత్రం రావడం మానలేదు.

పని మానడం ఒక్కటే దారా?

మిగిలిన ఆడవాళ్ళు కలిసి ఆలోచించారు. ఆదివారం సాయంత్రం బడి ఆవరణలో సాధన పెట్టుకున్నారు. కరాటే వచ్చిన ఒక టీచరమ్మ నేర్పడానికి ఒప్పుకుంది.

"టీచరుగారూ, తెల్లబట్టలు కుట్టించుకోవాలాండీ?"

"అక్కర్లేదు పిన్నిగారూ. పనికి ఏం కట్టుకెళతారో అదే కట్టుకు రండి. అవే చెప్పులు వేసుకు రండి. క్యారేజీ కూడా తెచ్చుకోండి."

"క్యారేజీ ఎందుకమ్మా, భోజనాలు కూడా పెడుతున్నావా?" అంది ఒక మామ్మ. అందరూ నవ్వారు.

"చీకట్లో నడిచేటప్పుడు చేతిలో ఏముంటుందో, నేర్చుకునేటప్పుడూ అదే ఉండాలి మామ్మగారూ."

టీచరమ్మ మాట సబబైనదే. మొదటి రోజు వాళ్ళు దెబ్బ వెయ్యడం నేర్చుకోలేదు. చీరతో నడవడం నేర్చుకున్నారు. వినడానికి వింతగా ఉంది కదూ! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నడుస్తూనే ఉన్నాం. కాని గబుక్కున వెనక్కి నడిచి చూడండి. చీర అంచు మడమ కింద పడుతుంది. తొక్కితే వెల్లకిలా పడతాం. అడుగు చాచి వేస్తే కుచ్చిళ్ళు ఆపేస్తాయి. ఇది బడి ఆవరణలో తెలియాలి. పుంత దారిలో తెలిస్తే లాభం లేదు.

చీర కట్టుకున్నవాళ్ళు కాలు పైకెత్తి తన్నలేరు. సినిమాలో తంతారు గాని, అది సినిమా. చీరతో తన్ను మోకాలి ఎత్తు దాటకూడదు. ఎదుటివాడి మోకాలి కింద ముందుభాగంలో ఎముక ఉంటుంది. దాని మీద కండ ఉండదు. అక్కడ తగిలితే నొప్పి తల దాకా ఎక్కుతుంది. అంత కిందికి తన్నడానికి చీర అడ్డం రాదు. పరుగెత్తాలంటే ఎడమ చేత్తో కుచ్చిళ్ళు గుప్పిట పట్టి పిక్కల దాకా ఎత్తాలి. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. ఇలా ఇరవై అడుగులు పరుగెత్తి చూడండి. మొదటిసారి గుప్పిట జారుతుంది. పదోసారికి జారదు. లోపల కట్టే లంగా బిగుతుగా ఉంటే పరుగు అసలే రాదు. కొత్త లంగా కుట్టించేటప్పుడు కాస్త వెడల్పు ఉంచమని టైలరుకు చెప్పండి. ఖర్చు పెద్దగా పెరగదు.

ఊడుపులకు వెళ్ళే అక్కలకు ఇందులో సగం పని ముందే వచ్చు. చీర ఎగదోపి, కొంగు నడుముకు చుట్టి బొడ్లో దోపుతారు. ఒండ్రు మట్టిలో కాలు దిగబడకుండా అడుగు వేస్తారు. తల మీద మోపుతో జానెడు వెడల్పు గట్టు మీద నడిచిపోతారు. అలా నడిచే మనిషిని పక్కకు తొయ్యడం తేలికా? పట్నంలో డబ్బు కట్టి నేర్చుకునే నిలకడ మన పొలం గట్టు మీదే ఉంది. దానికి రెండు మూడు పట్లు, ఒక గట్టి కేక కలిస్తే చాలు.

పైట సంగతి విడిగా చెప్పాలి. ఎవడైనా పైట పట్టుకు లాగితే మన రెండు చేతులూ పైట మీదికే పోతాయి. చిన్నప్పటి నుంచీ అలా పెంచారు. కాని అప్పుడు మొహానికీ మెడకూ కాపు ఉండదు. వాడు లాగుతుంటే మనం వెనక్కి లాగితే బలం ఎక్కువ ఉన్నవాడే గెలుస్తాడు. టీచరమ్మ వేరే దారి చెప్పింది. "వాడు లాగిన వైపుకే చటుక్కున రెండడుగులు వెయ్యండి. గుడ్డ వదులవుతుంది. వాడి తూకం తప్పుతుంది. అరచేతి మడమతో గడ్డం కింద ఒక్క తోపు తొయ్యండి. తోసి పరుగెత్తండి."

"పైట జారిపోతే?" అని ఒకావిడ మెల్లగా అడిగింది.

అక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మామ్మే అంది: "జారితే జారనీ అమ్మాయ్. మనిషి ఇంటికొస్తే పైట మళ్ళీ వేసుకోవచ్చు."

పిన్నీసులు కూడా ఆలోచించి పెట్టుకోవాలి. నాలుగు చోట్ల పిన్నీసు పెట్టిన పైట ఊడి రాదు. జాకెట్టు చిరుగుతుంది, మనిషి కూడా తూలిపోతుంది. భుజం మీద ఒకటి చాలు. చున్నీ అయితే మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టకండి. వెనక నుంచి లాగితే ఊపిరి ఆగుతుంది. బండి వెనక కూర్చున్నప్పుడు చక్రంలో పడి ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఒక భుజం మీద వదులుగా వేసుకుంటే, లాగినవాడికి చున్నీ దొరుకుతుంది, మనిషి దొరకదు.

జడ పట్టుకుంటే తలను విదిలించవద్దు. జడ పట్టిన చేతి మీద మన రెండు చేతులూ వేసి, ఆ చేతిని తలకు గట్టిగా అదిమి పట్టాలి. అప్పుడు జుట్టు కుదుళ్ళు లాగవు. అలా అదిమే వాడి వైపు తిరిగి, మడమతో పాదం మీద తొక్కాలి. చెయ్యి పట్టుకుంటే చూడండి, నాలుగు వేళ్ళు ఒక పక్క ఉంటాయి, బొటనవేలు ఒక్కటే ఇంకో పక్క. పట్టు బలహీనంగా ఉండేది బొటనవేలి దగ్గరే. అటువైపు ఒక్క ఊపున మెలిపెట్టి లాగితే చెయ్యి వస్తుంది. గాజులు ఉన్న చేత్తో కూడా ఇది చేసి చూడండి. మట్టి గాజులు పగిలితే మన మణికట్టే తెగుతుంది. సాధన రోజున వాటిని పైకి ఎగదోసి గుడ్డ చుట్టుకోండి.

ఇక చెప్పులు.

హవాయి చెప్పులు తడి నేల మీద జారతాయి. బురదలో పట్టీ ఊడుతుంది. పరుగులో ఒకటి ఉండి ఒకటి పోతే కుంటుతూ పరుగెత్తాలి. అందుకే రెండు రకాలుగానూ అలవాటు చెయ్యాలి. చెప్పులతో ఒకసారి, కాలి ఊపుతో రెండూ ఒకేసారి విదిలించి వట్టి కాళ్ళతో ఒకసారి. ఎప్పుడు ఉంచుకోవాలి, ఎప్పుడు వదలాలి? బురదైతే వదిలెయ్యండి. గాజుపెంకులూ ముళ్ళూ ఉన్న చోటైతే ఉంచుకోండి. ఎత్తు మడమల చెప్పులైతే ఎక్కడైనా సరే వదిలెయ్యడమే నా సలహా. చెప్పుల మీద మమకారం వద్దు. వట్టి కాలితో తన్నేటప్పుడు వేళ్ళతో తన్నకూడదు, వేళ్ళు విరుగుతాయి. అరికాలితోనో మడమతోనో తన్నాలి. బడికి బూట్లు వేసుకు వెళ్ళే ఆడపిల్లలకు ఈ విషయంలో మేలు. బూటు ముందుభాగం గట్టిగా ఉంటుంది.

మగవాళ్ళు కూడా ఈ పాఠం చదవాలి. లుంగీ మడిచి కట్టుకుని తన్నబోతే ముడి ఊడుతుంది. రాత్రిపూట చెరువు కాపలాకు వెళ్ళేవాళ్ళకు ఇది తెలిసిన సంగతే.

చేతిలోని వస్తువులు కూడా మనకు సాయం. స్టీలు క్యారేజీ బరువైనది. గొడుగు పొడుగైనది. గొడుగుతో కొట్టడం కన్నా, రెండు చేతులా పట్టుకుని మొనతో పొట్టలో పొడవడం మంచిది. తిప్పి కొడితే వాడు గొడుగు పట్టేసుకుంటాడు. సైకిలు ఉంటే దాన్ని వాడికీ మనకూ మధ్య అడ్డం పెట్టాలి. తల మీద గంప ఉంటే వదిలెయ్యాలి. చంకలో బిడ్డ ఉంటే? అప్పుడు దెబ్బలాట వద్దు. కేక, పరుగు, జనం ఉన్న చోటు. ఇంతే.

కేక కూడా సాధన చెయ్యాలి. మనకు గొంతు తగ్గించి మాట్లాడడం అలవాటు. బడి ఆవరణలో మొదటిసారి "ఆగు!" అనమంటే సగంమంది నవ్వేశారు. మిగతా సగంమంది గొంతు లేవలేదు. మూడో వారానికి ఆ కేక కాలవ అవతలికి వినిపించింది.

జతగా సాధన చేసేటప్పుడు నెమ్మదిగా చెయ్యండి. కళ్ళ మీద, గొంతు మీద నిజంగా కొట్టకూడదు. నొప్పి పుడితే చేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే ఎదుటివాళ్ళు వదిలెయ్యాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు చూసి నేర్చుకుంటే చాలు. కేక మాత్రం అందరూ వెయ్యొచ్చు.

"చీర కట్టుకుని సాము ఎక్కడైనా ఉందా?" అంటారేమో. ఉంది. కేరళలో వడకర అనే ఊళ్ళో మీనాక్షి అమ్మ అనే పెద్దావిడ ఉన్నారు. ఏడేళ్ళ వయసులో కలరిపయట్టు నేర్చుకోవడం మొదలుపెట్టారు. కలరిపయట్టు కేరళ వాళ్ళ సాము. డెబ్బై దాటిన వయసులో చీర ఎగదోపి కత్తీ డాలూ పట్టుకుని, తనకన్నా ఎంతో చిన్నవాళ్ళతో తలపడ్డారు. 2017లో భారత ప్రభుత్వం ఆవిడకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇంకా దూరం వెళ్దాం. నూరేళ్ళు దాటిన మాట, అప్పట్లో ఇంగ్లండులో ఆడవాళ్ళకు ఓటు హక్కు లేదు. హక్కు కోసం వీధుల్లోకి వస్తే పోలీసులు లాగి పడేసేవారు. లండనులో ఎడిత్ గారుడ్ అనే ఆవిడ ఆ ఆడవాళ్ళకు జుజుత్సు నేర్పింది. అది జపాను వాళ్ళ కుస్తీ విద్య. ఆవిడ ఎత్తు ఐదు అడుగులు కూడా లేదు. నేర్చుకున్న ఆడవాళ్ళు కట్టేది నేల మీద జీరాడే పొడుగు గౌన్లు. 1913లో తమ నాయకురాలిని కాపాడుకోవడానికి వాళ్ళు ఒక దళమే కట్టారు. మన చీర కన్నా ఆ గౌన్లు ఏమీ తేలిక కావు.

మన రాష్ట్రం మాట చెప్పాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట ఉండనే ఉంది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. అందరూ పనికి కట్టుకెళ్ళే చీరల్లోనే వచ్చారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను ప్రభుత్వం నిషేధించింది. వాళ్ళెవరూ కరాటే నేర్వలేదు. కలిసి నిలబడడం నేర్చుకున్నారు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. మనం ఇంతసేపూ పుంత దారి గురించి మాట్లాడుకున్నాం. కాని ముప్పు ఎప్పుడూ దారిలోనే ఉండదు. మానభంగం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అంటే చుట్టం, పొరుగువాడు, పని ఇచ్చేవాడు. అప్పుడు మన ఒంటి మీద ఉండేది బహుశా నైటీ. నైటీ కాళ్ళకు చుట్టుకుంటుంది. నైటీతో మంచం మీంచి లేవడం, నేల మీద పడితే పక్కకు దొర్లి లేవడం కూడా ఆడవాళ్ళంతా తలుపులు వేసుకుని ఒకసారి చేసి చూడాలి. గదిలో తలుపు వైపు మనం ఉండాలి. తెలిసినవాణ్ని కొట్టడానికి చెయ్యి రాదు. "ఆగు" అనడానికి నోరు రాదు. అందుకే కేక సాధన అంత అవసరం.

"ఆ బట్టలు కట్టుకుంటే అలాగే జరుగుతుంది" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. చున్నీ వేసుకున్న పిల్లనూ లాగారు, పైట నిండా కప్పుకున్న తల్లినీ లాగారు. తప్పు లాగినవాడిది. ఈ పాఠంలో బట్టల గురించి చెప్పింది వాటితో ఎలా కదలాలో తెలియడానికే. వాటిని మార్చుకోమని ఎవరికీ చెప్పడం లేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. మన మీదికి వచ్చినవాణ్ని ఆపడానికి కొడితే అది నేరం కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు ఇదే చెప్పేవి. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఈ హక్కు గురించినవి. అయితే హద్దు ఉంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. వాడు పడిపోయాక, పారిపోతున్నప్పుడు వెంటపడి కొడితే ఆ తప్పు మన మీదికి వస్తుంది.

సాయానికి 112కు ఫోను చెయ్యండి. ఆడవాళ్ళ కోసం 181 ఉంది. పిల్లల కోసం 1098 ఉంది. ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వొచ్చు. "ఇది మా పరిధి కాదు" అని పంపెయ్యకూడదు. మీరు నోటితో చెప్పినా వాళ్ళు రాసుకోవాలి. రాసింది మీకు చదివి వినిపించాలి. అప్పుడే సంతకం. కేసు కాగితం నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఇదివరకు వేలిముద్ర వేసి వచ్చేవాళ్ళం. అందులో ఏం రాశారో ఎవరికి తెలుసు? ఇప్పుడు చదవడం వచ్చింది కదా. తొందరపెట్టినా సరే, కాగితం చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదవండి. తేదీ చూడండి. చోటు పేరు చూడండి. "లాగాడు" అని మీరు చెబితే "తగిలాడు" అని రాశారేమో చూడండి. తప్పుంటే దిద్దమని అడగండి.

ఆ ఊరి సంగతి మధ్యలో ఆపాం. నాలుగో ఆదివారం చున్నీ లాగిన పిల్ల కూడా సాధనకు వచ్చింది. పక్క వారం పనికి వెళ్ళింది. బస్సు దిగాక పాతికమందీ కలిసి నడిచారు. తూము దగ్గర కుర్రాళ్ళు ఉన్నారు. ఒకడు ఏదో అన్నాడు. ఆ పిల్ల ఆగింది. వాడి వైపు తిరిగి నిలబడింది. చేతిలో క్యారేజీ ఉంది. కాళ్ళకు అవే హవాయి చెప్పులు.

"ఏమన్నావు? మళ్ళీ అను" అంది.

వాడు అనలేదు. మర్నాడు సాయంత్రం వాళ్ళంతా కలిసి స్టేషనుకు వెళ్ళి పాత సంగతి కూడా రాసిచ్చారు. కాగితం ఆ పిల్లే చదివి వినిపించింది.

చేసి చూడండి, రాయండి

1. మీరు పనికి కట్టుకెళ్ళే బట్టలతోనే వెనక్కి పది అడుగులు వెయ్యండి. ఏది అడ్డం వచ్చింది? రాయండి.

2. 112, 181, 1098. ఏ నంబరు ఎవరి కోసం? ఇంట్లో గోడ మీద పెద్ద అంకెలతో రాయండి.

3. మీ ఊళ్ళో చీకటి పడితే ఆడవాళ్ళు నడవడానికి భయపడే దారి ఏది? అక్కడ లైటు ఉందా? లేకపోతే పంచాయతీకి ఐదు వాక్యాలలో అర్జీ రాయండి. తేదీ, చోటు పేరు, మీ సంతకం మరిచిపోకండి.